పక్కింటి పెద్దాయన రైఫిల్, మీ భుజం

మధ్య పెన్సిల్వేనియాలో ఉంటున్న ఒక పాఠకుడి ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. సొంతూరు కరీంనగర్ పక్కన. అమెరికా వెళ్లి చాలా ఏళ్లయింది, పౌరసత్వం కూడా వచ్చింది. పక్కింట్లో ఉండే రిటైరైన పెద్దాయన ఒకరు ఈయన్ని సొంత కొడుకులా చూసుకున్నారట. హంటర్ ఎడ్యుకేషన్ (వేట శిక్షణ) క్లాసులో చేర్పించిందీ, జింకల సీజన్‌లో మొదటిసారి వెంటబెట్టుకుని అడవికి తీసుకెళ్లిందీ ఆయనే. పోయిన చలికాలం ఆయన కన్నుమూశారు. ఆయన భార్య భర్త రైఫిల్ తెచ్చి ఈయన చేతిలో పెట్టి, ఈ ఏడు సీజన్‌కు దీంతోనే వెళ్లాలని కోరారు.

రైఫిల్ రూగర్ ఎం77, .30-06 తూటా. స్టాక్ (భుజానికి ఆనించే చెక్క భాగం) వెనక ఉన్న ఎర్ర రబ్బరు ప్యాడ్ పగుళ్లిచ్చి, గోరు దిగనంత గట్టిపడింది. కాల్పుల సాధన చేసే రేంజిలో ఒక పెట్టె తూటాలు కాల్చేసరికి చేతి పైభాగం, బయటివైపు, నల్లగా కమిలింది. అప్పటి నుంచి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుపోతున్నాయి, భుజం తనంతట తాను బిగుసుకుపోతోంది. వంద గజాల దూరంలో కాగితం మీద గుంపుగా పడాల్సిన గుళ్లు చెదిరిపోతున్నాయి. దాంతో అంగుళం మందం ఉన్న మెత్తటి ప్యాడ్ తెప్పించారు. పాతది ఊడదీస్తే కింద చెక్క మీద పెన్సిల్‌తో రెండు అక్షరాలు, పక్కన 1979 అని కనిపించాయి. పై స్క్రూ రంధ్రం అరిగిపోయి వదులుగా ఉంది.

ఇక సలహాలు. స్నేహితుడు: "స్టాక్ అర అంగుళం కోసి కొత్తది బిగించెయ్, గంట పని." రేంజిలో పరిచయమైన మరొకాయన: "ఆ కాలపు రూగర్‌ని కోశావంటే విలువ పోతుంది." భార్య: "ఆ రాత ఉన్న చెక్క జోలికి వెళ్లకండి, షాపులో ఇచ్చేయండి." పెద్దావిడకు నొప్పి సంగతి ఈయన ఇంతవరకూ చెప్పలేదు. "ఆయన డెబ్బై దాటాక కూడా దీంతో కాల్చారు, నాకు నొప్పి అని ఎలా చెప్పను" అని రాశారు. కొలతలు మాత్రం శ్రద్ధగా పంపారు. ట్రిగ్గర్ నుంచి పాత ప్యాడ్ మధ్య వరకు 13¾ అంగుళాలు. పాత ప్యాడ్ మందం అర అంగుళం. తన ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. ఇంట్లోనే చేసుకోవచ్చా, చేస్తే పాడు చేస్తానా, కోయడం తప్పా అని అడుగుతున్నారు. చివర ఇంకో మాట: హెచ్1బీ మీద ఉన్న బావమరిది కూడా రేంజికి వస్తానంటున్నాడట.

మీ ఉత్తరంలో నన్ను పట్టి నిలిపిన వాక్యం పెన్సిల్ రాత గురించి కాదు. "చేతి పైభాగం, బయటివైపు, నల్లగా కమిలింది" అన్నది. గట్టిపడిన ప్యాడ్ ఒక్కటే కారణమైతే దెబ్బ భుజం గుంటలో తగలాలి, అంటే కాలర్ బోన్ కిందగా, చంక మడతకు లోపలివైపు. మీకు తగిలింది చేతి కండ మీద. స్టాక్ మనిషికి పొడుగైనప్పుడు జరిగేది ఇదే. బట్, అంటే స్టాక్ వెనక చివర, భుజం గుంటలోకి రావాలంటే చేయి చాపినట్టవుతుంది, మెడ సాగుతుంది. మనిషి తెలియకుండానే బట్‌ను పక్కకు, చేతి మీదకు జరుపుకుంటాడు. అక్కడ కండ పల్చన, కింద ఎముక. ఆ పైన రాయిలాంటి రబ్బరు. కాబట్టి మీకున్నవి రెండు సమస్యలు, ఒకటి ప్యాడ్‌ది, రెండోది పొడవుది. మీ చుట్టూ ఉన్నవాళ్లంతా ప్యాడ్ గురించే మాట్లాడుతున్నారు.

పొడవు లెక్క ఒక్కసారి కలిసి చూద్దాం. పాత ప్యాడ్‌తో 13¾. అందులో ప్యాడ్ అర అంగుళం, కాబట్టి ఉత్త చెక్క 13¼. మీరు తెప్పించిన అంగుళం ప్యాడ్‌ను కోయకుండా బిగిస్తే 14¼ అవుతుంది. ఆరడుగులు దాటిన మనిషికి తప్ప కుదరని కొలత అది. మీకు ఇప్పటికంటే ఇబ్బంది. స్నేహితుడు చెప్పినట్టు అర అంగుళం కోసి అంగుళం ప్యాడ్ పెడితే మళ్లీ 13¾, అంటే మీ చేతిని కమిలించిన పొడవు దగ్గరికే వస్తారు. రబ్బరు మెత్తనవుతుంది, చెక్కకు శాశ్వతంగా కోత పడుతుంది, పొడవు మాత్రం అలాగే ఉంటుంది. మీ ఎత్తు మనిషికి, అందులోనూ చలికోటు వేసుకున్నప్పుడు, 13 నుంచి 13¼ మధ్య సాధారణంగా సుఖంగా ఉంటుంది. అంగుళం ప్యాడ్‌తో 13¼ రావాలంటే చెక్క ఒక అంగుళం పూర్తిగా పోవాలి. ఈ లెక్క చూడకుండా రంపం పట్టుకోవద్దు.

నా అంచనాను నమ్మి కూడా కోయొద్దు. పాత ప్యాడ్ ఊడదీసి ఉంది గనుక మంచి అవకాశం మీ చేతిలోనే ఉంది. మ్యాగజీన్ ఖాళీ చేసి, ఛాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) కళ్లతో చూసి, వేలితో తడిమి, తూటాలన్నీ వేరే గదిలో పెట్టండి. ఈ పనులన్నీ అయ్యేవరకు అవి ఆ గదిలోనే ఉండాలి. సీజన్‌లో వేసుకునే కోటు వేసుకోండి. ఖాళీ రైఫిల్‌ను క్షేమమైన దిక్కుకు తిప్పి, కళ్లు మూసుకుని భుజానికి ఎత్తి, చెంప స్టాక్ మీద ఆనించి, అప్పుడు కళ్లు తెరవండి. ఇప్పుడు మీరు పట్టుకున్నది 13¼ పొడవు. బట్ తనంతట భుజం గుంటలోకి వచ్చిందా? బొటనవేలికీ ముక్కుకూ మధ్య రెండు వేళ్ల సందు ఉందా? తరవాత అట్ట ముక్కలు ఒక్కొక్కటిగా టేపుతో అంటిస్తూ పొడవు పెంచి చూడండి. ఎక్కడ మెడ సాగడం మొదలవుతుందో మీకే తెలుస్తుంది. మీ భార్యను పక్కన నిలబడి చూడమనండి. మెడ ఎప్పుడు సాగిందో మనకంటే ఎదుటివాళ్లకు ముందు కనబడుతుంది. మోచేతి మడతలో బట్ ఆనించి వేలు ట్రిగ్గర్‌కు అందితే సరిపోయిందనే పాత పద్ధతి ఒకటుంది, దాన్ని పట్టించుకోకండి. మెడ పొడవు, ఛాతీ వెడల్పు, కోటు మందం దానికి తెలియవు. ఒక్క జాగ్రత్త: ప్యాడ్ లేని చెక్కతో నిజంగా కాల్చొద్దు.

రైఫిల్ ఎందుకింత తంతోందన్నది కూడా చెప్పుకోవాలి. ఎనిమిది పౌండ్ల రైఫిల్‌లో 180 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలత) .30-06 తూటా సుమారు 20 ఫుట్-పౌండ్ల శక్తితో వెనక్కి తంతుంది. అదే బరువు రైఫిల్‌లో .243 అనే చిన్న తూటా అయితే దాదాపు అందులో సగం. ప్యాడ్ ఆ శక్తిని మాయం చేయదు, భుజానికి చేరే క్షణాన్ని కాస్త సాగదీస్తుంది. క్రికెట్‌లో క్యాచ్ పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కుంటాం చూడండి, అదే పని. మీ రైఫిల్‌కు కంపెనీవాళ్లు వేసిన ఎర్ర రబ్బరు కొత్తలో ఆ పని చేసేదే. ఎం77 మార్కెట్లోకి వచ్చింది 1968లో. ఆ కాలపు ఎర్ర ప్యాడ్లు దశాబ్దాలు గడిచేసరికి ఇలా గట్టిపడి పగలడం మామూలే. పెద్దాయన డెబ్బై దాటాక కూడా దీంతో కాల్చారన్నారు. ఎంత పొడుగు మనిషో మీరు రాయలేదు. ఈ స్టాక్ ఆయన భుజానికి సరిపోయి ఉంటుంది. పైగా సీజన్‌లో ఆయన కాల్చినవి ఒకటో రెండో, అదీ నిలబడో, చెట్టుకు ఆనుకునో. నిలబడి కాలిస్తే ఒళ్లంతా దెబ్బతో పాటు వెనక్కి ఊగుతుంది. బల్ల మీదకు వంగి, పల్చటి చొక్కాతో, ఒకే పూట పెట్టెడు తూటాలు కాల్చడం వేరు. ఆయన ఓర్పునూ మీ నొప్పినీ ఒకే తక్కెడలో తూయకండి.

మీరు నామోషీగా అనుకుంటున్న ఆ నొప్పి గురించి ఇంకో మాట. కళ్లు మూసుకుపోవడం పిరికితనం కాదు, ఒంటికి తెలిసిన ఆత్మరక్షణ. కానీ దాన్ని దాచిపెట్టి అడవికి వెళ్తే నష్టపోయేది మీరొక్కరే కాదు. భుజం బిగుసుకున్న చేత్తో కాలిస్తే తూటా గుండెకు బదులు జింక పొట్టలో దిగుతుంది. అది ఆ రాత్రంతా పొదల్లో కొట్టుకుని చస్తుంది. మీకు వేట నేర్పిన మనిషి దీనికి ఒప్పుకుని ఉండేవాడు కాదని నేను గట్టిగా అనుకుంటున్నాను. కాబట్టి పెద్దావిడకు చెప్పండి. ఆవిడ కోరింది మీరు ఆ రైఫిల్‌తో వెళ్లాలని, నొప్పి ఓర్చుకోవాలని కాదు.

చెప్పేటప్పుడే పెన్సిల్ రాత సంగతీ అడగండి. ఆ రెండక్షరాలు ఆయనవేనని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మీరు అనుకుంటున్నారు, అంతే. ఆయన రాసుకున్నవే కావచ్చు. అంతకుముందు దాన్ని వాడిన ఇంకెవరివో కావచ్చు. రూగర్ కంపెనీ వెబ్‌సైట్‌లో సీరియల్ నంబరు కొడితే రైఫిల్ ఏ ఏడు తయారైందో తెలుస్తుంది. ఆ ఏడు, 1979, పెద్దావిడ జ్ఞాపకం, ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుంటే కోయాలా వద్దా అన్న ప్రశ్న సగం తేలిపోతుంది. ఆయన చేతిరాతే అయితే ఆవిడకు చూపించకుండా దాని మీద కొత్త ప్యాడ్ బిగించేయడం కూడా నాకు నచ్చదు. ఇప్పుడే పగటి వెలుగులో, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి ఉంచండి.

విలువ పోతుందని రేంజిలో పరిచయమైనాయన అన్న మాట తీసిపారేయాల్సింది కాదు గానీ, మీ రైఫిల్‌కు అంతగా వర్తించదు. 1964కు ముందు తయారైన విన్‌చెస్టర్ మోడల్ 70 లాంటి వాటిలో స్టాక్ కోస్తే సేకరించేవాళ్లు మొహం తిప్పుకుంటారు, ధర బాగా పడిపోతుంది. ఎం77 పెద్ద సంఖ్యలో తయారై, వేటకే వాడుకైన రైఫిల్. స్టాక్ కోస్తే దీని ధరా కొంత తగ్గుతుంది. కానీ మీరు దీన్ని అమ్మబోవడం లేదు. మీ లెక్కలో బరువు తూగాల్సింది ఆ రాత, మీ భుజం. డబ్బు మూడోది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. అన్నిటికంటే తేలికైనది, వెనక్కి తీసుకోగలిగినది, అర అంగుళం మందం ఉన్న మెత్తటి ప్యాడ్ వేసుకోవడం. ప్యాక్‌మేయర్, కిక్-ఈజ్ లాంటి కంపెనీలు ఇంతకు అటూ ఇటూ మందంలో చేస్తాయి. మందం ఎంతో చూసి కొనండి. చెక్క మీద రంపం పడదు, రాత అలాగే ఉంటుంది, పని ఇంట్లోనే అవుతుంది. పొడవు మాత్రం 13¾ దగ్గరే ఆగిపోతుంది. దెబ్బ పదును తగ్గుతుంది, కానీ బట్ చేతి మీదకు జారే అలవాటు పోదు. ప్రతిసారీ గుర్తుపెట్టుకుని భుజం గుంటలో పెట్టుకోవాల్సి ఉంటుంది. దీనికి తోడు 180 గ్రెయిన్లు వదిలి 150కి దిగితే తన్నుడు తెలిసేంత తగ్గుతుంది. పెన్సిల్వేనియా తెల్లతోక జింకకు 150 చాలు. తక్కువ తన్నేలా చేసిన తూటాలు కూడా అమ్ముతారు. చెవుల్లో మెత్తటి బిరడాలు, వాటిపైన మఫ్‌లు, రెండూ వాడండి. కళ్లు మూసుకుపోవడానికి భుజం దెబ్బ ఎంత కారణమో ఆ చప్పుడూ అంత కారణం.

రెండో దారి ఇంకో స్టాక్ కొనడం. పాత ఎం77కు సరిపడే స్టాకులు, వాడినవీ కొత్తవీ, దొరుకుతాయి. మీ పొడవుకు అది కోయించుకుని, అంగుళం ప్యాడ్ దానికి వేసుకుని, పెద్దాయన స్టాక్‌ను రాతతో సహా గుడ్డలో చుట్టి దాచుకోవచ్చు. ఒక చిక్కుంది. మీది సేఫ్టీ (ట్రిగ్గర్ పనిచేయకుండా ఆపే మీట) బొటనవేలి కింద, స్టాక్ మెడ మీద జరిగే పాత రకం అయితే, తరవాత వచ్చిన ఎం77 మార్క్ 2 స్టాక్ దీనికి కూర్చోదు. కొనేటప్పుడు రకం చెప్పి మరీ అడగాలి. కూర్చున్నా, లోపలి గాడిని కాస్త సవరించాల్సి రావచ్చు. డబ్బూ అవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, చేతిలోకి తీసుకున్నప్పుడు అది ఆయన రైఫిల్‌లా అనిపించకపోవచ్చు. అది మీకు ఎంత ముఖ్యమో మీరే చెప్పగలరు.

మూడోది కోయించడం. దీన్ని తప్పు అని నేను అనను. రైఫిల్‌ను వాడే మనిషి ఒంటికి సరిచేయడం దాన్ని గౌరవించడమే. పైగా రాత ఉన్నది కోతలో పోయే ముక్క మీదే కాబట్టి, ఆ అంగుళం ముక్క మీ చేతికే వస్తుంది. పెద్దావిడకు అది కావాల్సి రావచ్చు, అడగండి. రేపు ఎవరైనా పొడుగు మనిషికి రైఫిల్ చేరితే మధ్యలో స్పేసర్లు (పల్చటి పలకలు) వేసి పొడవు పెంచుకోవచ్చు గానీ, పోయిన చెక్క తిరిగి రాదు. ఈ దారి తీసుకుంటే మాత్రం గన్‌స్మిత్‌కే (తుపాకులు బాగుచేసేవాడికే) ఇవ్వమంటాను. స్టాక్ పై గీతా కింది గీతా ఒకదానికొకటి సమాంతరంగా ఉండవు. చాప్ సా బల్ల మీద అలాగే పడుకోబెడితే కోత వంకరపోతుంది. కింది మొన పొడుగైతే ఛాతీలో గుచ్చుకుంటుంది, పై మొన పొడుగైతే బట్ భుజం మీద కుదురుగా నిలవదు. రంపం పళ్లు బయటికొచ్చే వైపు వార్నిష్ చిట్లుతుంది. చేయి తిరిగినవాళ్లు కింద చెక్క చీలికలు పెట్టి, టేపు చుట్టి, సన్న పళ్ల బ్లేడుతో చేస్తారు. "గంట పని" అన్నది వాళ్లకు నిజమే. మీకు మొదటిసారి. అక్టోబరు, నవంబరుల్లో గన్‌స్మిత్‌ల దగ్గర సీజన్ పని పోగుపడుతుంది, కాబట్టి ఇప్పుడే మాట్లాడుకోండి.

కోతకు ముందు ఒకటి చూసి తీరాలి. స్టాక్ ఒక అంగుళం పొట్టి అయితే మీ కన్ను స్కోప్‌కు (గురి చూసే గొట్టానికి) అంత దగ్గరవుతుంది. వేట స్కోప్‌లు చాలావాటికి కంటికీ అద్దానికీ మధ్య సుమారు మూడున్నర అంగుళాలు కావాలి. అది తగ్గితే కాల్చినప్పుడు అంచు వచ్చి కనుబొమ్మను కోయవచ్చు. స్కోప్‌ను ముందుకు జరుపుదామంటే, రూగర్‌లో స్కోప్‌ను పట్టే రింగులు రిసీవర్ (బ్యారెల్ వెనక ఉండే లోహపు భాగం) మీదే చెక్కిన గాళ్లలో కూర్చుంటాయి. వాటిని జరపలేం, రింగుల్లో గొట్టాన్నే ముందుకు తోయాలి. ముందుకు తోయడానికి గొట్టంలో చోటు ఉందో లేదో ఇప్పుడే కొలుచుకోండి. లేకపోతే కోతతో పాటు వేరే స్కోప్ ఖర్చు కూడా కలుపుకోవాలి.

నా మొగ్గు చెప్పమంటే, ఈ సీజన్‌కు మొదటి దారి, తేలిక తూటాలతో. కోత సంగతి సీజన్ అయ్యాక, ఈ రైఫిల్‌తో అడవిలో నాలుగు రోజులు తిరిగాక తేల్చుకోవచ్చు. అట్ట ముక్కల పరీక్షలో 13¾ అసలు భరించలేనని తేలితే అది వేరే మాట, అప్పుడు రెండో మూడో దారి చూడండి. పై తొడుగులా వేసుకునే ప్యాడ్ గురించి ఎవరైనా చెబితే వినొద్దు. మీకు పొడవు తగ్గాలి, అది పెంచుతుంది.

అర అంగుళం ప్యాడ్ ఇంట్లో బిగించడం మీరు చేయగలిగిన పనే. ఎం77కు ముందే ఆకారం ఇచ్చిన ప్రీఫిట్ ప్యాడ్లు దొరికితే అరగదీసే పని దాదాపు ఉండదు. అయితే చెక్క స్టాకులకు ఫ్యాక్టరీలో తుది రుద్దుడు చేత్తో పడుతుంది, ప్రతి స్టాకూ కొద్దిగా వేరు. ఒక పక్క వెంట్రుకవాసి ప్యాడ్ బయటికి రావచ్చు, మరో పక్క చెక్క అంచు కనబడవచ్చు. అది కంటికి ఇబ్బంది, భుజానికి కాదు. అతికినట్టు రావాలంటే మీ బట్ కంటే ఒక సైజు పెద్దది, అరగదీసుకునే రకం కొనాలి.

ముందు ఆ అరిగిన స్క్రూ రంధ్రం. పొడుగు స్క్రూ దూర్చి సరిపెట్టుకోవద్దు. అడ్డకోత చెక్కలో మర పట్టు అసలే తక్కువ. రంధ్రాన్ని నిటారుగా పెద్దది చేసి, గట్టి కర్ర చీలకు జిగురు రాసి దిగ్గొట్టి, రాత్రంతా వదిలేయండి. తెల్లారి మిగులు కోసి చదును చేసి, కొత్త ప్యాడ్ రంధ్రాల వరసకు సన్న పైలట్ రంధ్రం వేయండి. పెన్సిల్ అక్షరాల మీద చీల పడకుండా చూసుకోండి. పడేలా ఉంటే ప్యాడ్ రంధ్రాల దూరం వేరుగా ఉన్న మోడల్ ఎంచుకోండి.

ప్యాడ్ చెక్కకు చుట్టూ ఆనుతోందో లేదో చూడడానికి వడ్రంగులు మసి పూసి నొక్కుతారు. మీ చెక్క మీద రాత ఉంది కాబట్టి మసి వద్దు. ప్యాడ్ ఆనించి కిటికీ వైపు పెట్టండి, వెలుగు దూరిన చోటే సందు. చిన్న సందైతే స్క్రూలు బిగిస్తే మూసుకుంటుంది. పెద్దదైతే రాతకు దూరంగా, అంచున మాత్రమే ఉప్పు కాగితంతో సరిచేయాలి. తరవాత ఆ అడ్డకోతకు షెల్లాక్ (లక్క వార్నిష్) పట్టించండి, లేకపోతే తేమ అక్కడి నుంచే లోపలికి పోతుంది. గుడ్డతో రుద్దితే పెన్సిల్ చెదురుతుంది. స్ప్రే డబ్బాతో పల్చగా కొట్టి ఆరనివ్వండి, రాత కింద భద్రంగా ఉండిపోతుంది.

కొత్త ప్యాడ్ ముఖం మీద రంధ్రాలు కనబడవు, కంగారు పడకండి. వెనక ప్లేటు రంధ్రంలోంచి దబ్బనం పోనిస్తే ముందు రబ్బరు చిన్న బొడిపెలా లేస్తుంది. అక్కడ కొత్త బ్లేడుతో చిన్న గాటు, అంతే. స్క్రూకూ స్క్రూడ్రైవర్ కాడకూ గిన్నెలు తోమే సబ్బు రాసి నెమ్మదిగా దించండి. పొడిగా తిప్పితే కాడ రబ్బరును పట్టి మెలిపెట్టి చింపుతుంది, ఆ చిరుగు ఎప్పటికీ కనబడుతూనే ఉంటుంది. బిగించాక గాటు తనే మూసుకుంటుంది.

అరగదీయడమే ఓపిక పని. స్టాక్ చివర చుట్టూ నీలం రంగు పెయింటర్ టేపు రెండు వరసలు వేసి, ప్యాడ్ బిగించి, స్టాక్ అంచు వెంబడే సూదిమొనతో ప్యాడ్ గట్టి ప్లేటు మీద గీత గీయండి. ఊడదీసి, గీతకు బయటే ఆగేలా బెల్ట్ శాండర్ మీద 80 నంబరు ఉప్పు కాగితంతో మొదలుపెట్టి, 120తో ముగించండి. ఎక్కువ నొక్కితే రబ్బరు వేడెక్కి కరిగి జిడ్డవుతుంది. కింది మొన దగ్గర జాగ్రత్త. అక్కడ స్టాక్ గీత వాలుగా వస్తుంది, ఆ వాలు ప్యాడ్‌లోకి కొనసాగాలి. నిట్టనిలువుగా రుద్దితే బొటనవేలు కోసేసిన పాదంలా మొండిగా కనబడుతుంది. ఆ వాలు పట్టడానికి ప్యాడ్‌ను కోణంలో నిలబెట్టే చిన్న జిగ్ దొరుకుతుంది, మొదటిసారి చేసేవాళ్లు కొనుక్కుంటే మంచిది. చివరి వెంట్రుకవాసి ప్యాడ్‌ను స్టాక్‌కు బిగించి, టేపు మీదుగా, చేత్తో ఉప్పు కాగితం పట్టుకుని తీయండి. నల్ల పొడి విపరీతంగా లేస్తుంది. గ్యారేజీ తలుపు తెరిచి, ఎన్95 మాస్కు కట్టుకుని చేయండి, పిల్లల్ని రానివ్వకండి. పై అంచును కొద్దిగా గుండ్రంగా చేయండి, లేకపోతే మెత్తటి రబ్బరు ఎత్తేటప్పుడు కోటును పట్టుకుంటుంది.

పని సులువవుతుందని బ్యారెల్, రిసీవర్ ఊడదీసి ఉత్త స్టాక్‌తో చేసుకుంటే, తిరిగి బిగించేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఎం77 ముందు స్క్రూ ఏటవాలుగా దిగి రిసీవర్‌ను కిందికీ వెనక్కీ లాగుతుంది. ముందు దాన్నే గట్టిగా బిగించి, ఆ తరవాతే మిగతావి. వరస తప్పితే గుళ్లు పడే చోటు మారుతుంది. ఊడదీయకపోతే కనీసం బోల్ట్ (తూటాను లోపలికి తోసే లోహపు కడ్డీ) తీసి పక్కన పెట్టి పని చేయండి. రిసీవర్ ఎడమ పక్కన ఉన్న బోల్ట్ స్టాప్ లాగితే అది వచ్చేస్తుంది.

మీ బావమరిది విషయం తేలిగ్గా తీసుకోవద్దు. హెచ్1బీ లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టంలో నేరం. రేంజిలో కాసేపు చేతిలో పట్టుకోవడమూ అందులోకే రావచ్చు. గడువులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవాళ్లకు చట్టంలో మినహాయింపు ఉంది. కాబట్టి ఆయన ముందు హంటర్ ఎడ్యుకేషన్ పూర్తిచేసి లైసెన్సు తీసుకోవాలి, ఇమ్మిగ్రేషన్ లాయరును ఒక మాట అడగాలి. ఆ తరవాతే రేంజి. ఈలోగా రైఫిల్‌ను ఇంట్లో ఆయన దగ్గరున్న తాళం చెవితో తెరవగలిగే చోట ఉంచకండి. కాల్చకపోయినా ఆయన మీ పక్కన కూర్చుని మీ కళ్లు ఎప్పుడు మూసుకుపోతున్నాయో చూసి చెప్పగలరు, అదీ సాయమే.

ప్యాడ్ బిగించాక రెండు రోజులాగి, కోటు వేసుకుని రేంజికి వెళ్లండి. ఒక పూట పది తూటాలు దాటనివ్వకండి. మధ్యమధ్యలో స్నాప్ క్యాప్ (మందు లేని ఉత్తుత్తి తూటా) పెట్టి ఖాళీగా ట్రిగ్గర్ నొక్కండి. అప్పుడు కూడా భుజం ముందుకు తోసుకొస్తే ఆ పూటకు ఆపేయండి. మీ దగ్గర రైఫిల్ సీజన్ థాంక్స్‌గివింగ్ తరవాతి శనివారం మొదలవుతుంది గనుక, దానికి కనీసం మూడు వారాల ముందే కొత్త తూటాతో వంద గజాల దగ్గర సరిచూసుకుని, ప్యాడ్ స్క్రూలు ఒకసారి మళ్లీ బిగించండి. ఆ తరవాత రైఫిల్‌ను బీరువాలో బట్ మీద నిలబెట్టి వదిలేయకండి. మెత్తటి ప్యాడ్ నెలల తరబడి బరువు మోస్తే ఒక పక్కకు అణిగిపోతుంది, పడుకోబెట్టండి.